కొరివి దయ్యానికి గ్రీకు పేరు

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. ఈ సామెత వినని తెలుగువాళ్ళుండరు. ఇల్లు పోయినవాడి మీద జాలి పడతాం, చుట్టవాణ్ణి నాలుగు తిట్టుకుంటాం. అక్కడితో సరి. కాని ఈ కథలో మూడో మనిషి కూడా ఉండొచ్చు గదా! అసలా ఇంటికి నిప్పెలా అంటుకుంది? పొయ్యిలోంచి రవ్వ ఎగిరిందా, బుడ్డిదీపం దొర్లిందా, లేక ఎవరైనా పనిగట్టుకుని అంటించారా? సామెత ఆ ఊసే ఎత్తదు.

ఆ మూడో మనిషి గురించి కాస్త చెప్పుకుందాం. అంటించినవాడికి ఆ ఇంటివాళ్ళతో పగ లేదనుకోండి. కాలిపోతే కలిసొచ్చే డబ్బూ లేదు. తాగి ఉన్నాడా అంటే అదీ లేదు. అయినా చెయ్యి ఊరుకోలేదు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ ఊరుకోలేదు. ఇలాంటి స్థితికి వైద్యులు పెట్టిన పేరు పైరోమేనియా. తెలుగులో దహనోన్మాదం అనవచ్చు. నన్నడిగితే 'నిప్పు పిచ్చి' అంటే చాలు, మన అమ్మమ్మలకు కూడా అర్థమవుతుంది. కాకపోతే ఒక చిక్కుంది. మనకు చీరల పిచ్చీ పిచ్చే, సినిమాల పిచ్చీ పిచ్చే! ముద్దుగా అన్నదేదో, నిజంగా జబ్బేదో ఈ మాటలో విడదియ్యలేం.

గ్రీకు భాషలో 'పూర్' అంటే నిప్పు. ఇంగ్లీషువాళ్ళ 'ఫైర్' దానికి దగ్గర చుట్టం. 'మానియా' అంటే ఉన్మాదం. మన 'మనస్సు', కోపమనే అర్థంలో వాడే 'మన్యువు', ఈ 'మానియా' – మూడూ ఒకే వేరు నుంచి మొలిచిన పిలకలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. నిప్పుకు మటుకు ఆ పాత భాషల కుటుంబంలో రెండు మాటలున్నాయి. గ్రీకుల 'పూర్' ఒకటి, అది జడపదార్థం పేరు. సంస్కృతంలోని 'అగ్ని' రెండోది, లాటిన్ 'ఇగ్నిస్' దాని తోబుట్టువు. అది ప్రాణమున్నదానికి పెట్టిన పేరు. అందుకే కాబోలు అగ్నికి ఆకలి వేస్తుంది, కోపం వస్తుంది, పెళ్ళిలో సాక్షిగా నిలబడుతుంది. మన 'నిప్పు' ఈ గొడవలో దేనికీ చెందదు. అది ద్రావిడ పదం, తమిళుల 'నెరుప్పు'కు చుట్టం.

ఇంతకీ, ఆ రెండు గ్రీకు ముక్కల్నీ కలిపి ఒక మాటగా కుట్టింది గ్రీకులు కాదు. 1833లో ఒక ఫ్రెంచి డాక్టరు. ఆయన సంగతి చెప్పే ముందు, ఆ పేరు లేని రోజుల్లో మనవాళ్ళు ఇలాంటి మంటల్ని ఏమనుకునేవారో చూద్దాం.

మాది తిరువూరు ప్రాంతం, రెడ్డిగూడెం. కృష్ణా జిల్లా మెట్ట. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. మామిడితోటల సీమ. వేసవి వస్తే కాయల సందడి ఒకవైపు, నిప్పు భయం ఒకవైపు. తాటాకు ఇళ్ళు ఎక్కువగా ఉన్న రోజుల్లో పడమటి గాలి లేచిందంటే ఇల్లాలు పొయ్యిలో నీళ్ళు చల్లి గాని పొలానికి బయల్దేరేది కాదు. ఈ జాగ్రత్త ఇవాళ్టిది కాదు. వేసవిలో వంట ఆరుబయట చేసుకోవాలనీ, ఇళ్ళ దగ్గర నీళ్ళకుండలు సిద్ధంగా ఉంచుకోవాలనీ కౌటిల్యుడు అర్థశాస్త్రంలోనే రాశాడు.

ఇన్ని జాగ్రత్తలున్నా ఏదో ఒక వామి తగలబడేది. అప్పుడు పెద్దలు అడిగే మొదటి ప్రశ్న, "నీకెవరితోనన్నా కంటుందిరా?" అని. గట్టు తగాదానో, నీళ్ళ తగాదానో, పెళ్ళి సంబంధం చెడిన కక్షో బయటపడేది. పడితే సరే, పంచాయితీ నడిచేది. ఎంత తవ్వినా కంటున్న మనిషి తేలకపోతే? అప్పుడు అరుగు మీద కూర్చున్న ముసలమ్మ తేల్చేసేది: "ఇది మనుషుల పని కాదే అమ్మా, కొరివి దయ్యం పని."

కొరివి అంటే మండుతున్న కట్టె. చీకట్లో కొరివి పట్టుకుని పొలాల మీద తిరిగే దయ్యాన్ని నేను చూడలేదు గాని, దాని పేరు చెప్పి మాకు అన్నం తినిపించినవాళ్ళు మా వాడలో చాలామంది ఉండేవారు. అంటే, నిప్పు ఎవరు పెట్టారన్న ప్రశ్నకు మా ఊళ్ళో రెండే జవాబులు. కారణం కనిపిస్తే కక్ష. కనిపించకపోతే దయ్యం. మధ్యలో ఇంకో జవాబుంటుందన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు.

మన పురాణాల్లో చూసినా అంతే. కారణం లేని మంట ఒక్కటీ కనబడదు. హనుమంతుడు లంక కాల్చాడంటే ముందు వాళ్ళే ఆయన తోకకు నిప్పంటించారు. ఖాండవవనాన్ని కాల్చాలన్న అగ్నిదేవుడికి సైతం మహాభారతం ఒక కారణం చూపించింది – శ్వేతకి అనే రాజు ఏళ్ళతరబడి చేసిన యాగాల్లో నెయ్యి తిని తిని అజీర్ణం చేసిందట పాపం! లక్కయింటి సంగతి సరే సరి. దుర్యోధనుడి కుట్ర ఒకటైతే, దాన్నుంచి బయటపడడానికి ఆ ఇంటికి నిప్పు పెట్టింది భీముడే. ఆ రాత్రి అందులో ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులూ కాలిపోయారు. పాండవులు బతికారని కథ ముందుకు నడిచిపోతుంది. ఆ ఆరుగురి పేర్లు ఎవరూ అడగరు.

మన ధర్మశాస్త్రాలూ నిప్పు పెట్టడాన్ని తేలిగ్గా చూడలేదు. 'ఆతతాయి' అనే మాటను మనం రౌడీకి పర్యాయపదంగా వాడేస్తున్నాం గాని, దాని అసలు అర్థం ఎక్కుపెట్టిన విల్లుతో మీదికొచ్చేవాడని. స్మృతులు ఆరుగురు ఆతతాయిల్ని లెక్కపెట్టాయి. విషం పెట్టేవాడు, కత్తి ఎత్తేవాడు, ధనం దోచేవాడు, పొలం కాజేసేవాడు, భార్యను ఎత్తుకుపోయేవాడు – వీళ్ళందరికన్న ముందు చెప్పింది 'అగ్నిదుణ్ణి', అంటే కొంపకు నిప్పు పెట్టేవాణ్ణి. పొలానికో కళ్ళానికో ఇంటికో అడవికో నిప్పు పెట్టినవాణ్ణి నిప్పులోనే కాల్చమని కౌటిల్యుడి శాసనం. యూరపువాళ్ళు ఇందులో మనకేమీ తీసిపోలేదు. బెర్లిన్ దగ్గర 1813లో కూడా ఇల్లు కాల్చిన నేరానికి ఒక స్త్రీనీ పురుషుణ్ణీ మంటల్లో వేశారు. నిప్పుకు నిప్పే శిక్ష.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ జర్మన్ దేశాల్లోనే, న్యాయమూర్తులకు ఒక చిక్కు ఎదురైంది. ఇళ్ళకు నిప్పు పెట్టి పట్టుబడుతున్నవాళ్ళలో కొందరు చిన్నపిల్లలు. పద్నాలుగు పదిహేనేళ్ళ ఆడపిల్లలు. పల్లెటూళ్ళ నుంచి వచ్చి వేరే ఊళ్ళో ఎవరింట్లోనో పనిమనుషులుగా, పసిపిల్లల్నెత్తుకునే ఆయాలుగా కుదిరినవాళ్ళు. దొంగతనం చెయ్యలేదు. యజమాని మీద పెద్ద కక్షా ఉన్నట్టు లేదు. "ఎందుకు చేశావే?" అంటే నోరు విప్పరు. విప్పితే "ఏమో, చెయ్యాలనిపించింది" అంటారు.

వైద్యుల్ని పిలిచారు. వాళ్ళు ఊరుకుంటారా! గొట్టింగెన్‌లో కాన్పుల వైద్యం చెప్పే ప్రొఫెసరు ఒసియాండర్ లాంటివాళ్ళు, ఆడపిల్ల ఈడేరే వయసులో రక్తప్రసరణ తారుమారవుతుందనీ, దానితో కళ్ళకు వెలుగు మీద, మంట మీద విపరీతమైన ఆశ పుడుతుందనీ చెప్పారు. హెంకె అనే మరో వైద్యుడు కూడా ఎదిగే వయసుకూ ఈ కోరికకూ ముడిపెట్టాడు. 'నిప్పు పెట్టే ప్రేరణ' అన్న అర్థంలో ఒక జర్మన్ మాటే వాడుకలోకి వచ్చింది. పిల్ల మనసులో ఏముందో అడక్కుండా పిల్ల ఒంట్లో ఏముందో లెక్కలు కట్టారన్నమాట. ఎకసెక్కానికి అంటున్నాను గాని, ఆ లెక్కల వల్ల కొందరు పిల్లలు ఉరికంబం తప్పించుకున్నారు. అది మరిచిపోకూడదు.

ఇప్పుడు ఫ్రాన్సుకు వద్దాం. అక్కడ ఎస్కిరోల్ అనే ప్రసిద్ధ మనోవైద్యుడు 1810 ప్రాంతంలో 'మోనోమేనియా' అనే మాట తెచ్చాడు. అంటే, మనిషి అన్ని విషయాల్లోనూ సవ్యంగానే ఉంటాడు, ఒక్క విషయంలో మాత్రం మతి తప్పుతుంది. ఈ మాట కోర్టుల్లో ప్లీడర్లకు బ్రహ్మాస్త్రమైంది. దొంగతనాల పిచ్చికి 1816లోనే జెనీవాలో మాతే అనే డాక్టరు పేరు పెట్టాడు. మిగిలిన పిచ్చిలకూ ఒక్కొక్కటే నామకరణాలు జరుగుతూ వచ్చాయి. 1833లో షార్ల్ మార్క్ వంతు వచ్చింది. ఈయన ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్‌కు ఆస్థాన వైద్యుడు. నిప్పు పెట్టే మోనోమేనియా మీద ఒక పెద్ద వ్యాసం రాసి, దానికి 'పిరోమనీ' అని పేరు పెట్టాడు. అదే ఇంగ్లీషులోకి వెళ్ళి పైరోమేనియా అయింది. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతిలో ఇంటికి నిప్పు పెడితే మరణశిక్ష. కనుక ఆయన పెట్టిన పేరు కేవలం నిఘంటువు కోసం కాదు. ఒక తల తెగుతుందా, నిలుస్తుందా అన్నది దానిమీద ఆధారపడి ఉండేది. ఆయన చూపించిన ఉదాహరణల్లో ఎక్కువ భాగం మళ్ళీ ఆ జర్మన్ పనిపిల్లలవే.

ఈ పేరుకు జర్మనీలోనే ఎదురుదెబ్బ తగిలింది. యోహాన్ లుడ్విగ్ కాస్పర్ అని బెర్లిన్‌లో న్యాయవైద్యంలో పేరుమోసినవాడు, 1846లో ఒక వ్యాసం రాశాడు. ఈ నిప్పు పెట్టే ప్రేరణ అన్నది ఒట్టి బూటకమని ఆయన వాదం. దానికి ఆయన పెట్టిన శీర్షికలో వాడిన మాటేమిటో తెలుసా? దయ్యం! 'నిప్పు పెట్టే ప్రేరణ అనబడే దయ్యం' అని. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి అరుగులు గుర్తొచ్చి నవ్వాగలేదు. ముసలమ్మ చేసిందీ, డాక్టర్లు చేసిందీ ఒకటేనన్నమాట. కారణం దొరకనిచోట ఒక పేరు పెట్టి గండం గట్టెక్కడం. ముసలమ్మ తెలుగులో పెట్టింది, డాక్టరుగారు గ్రీకులో పెట్టాడు.

మరి ఆ పిల్లలు ఎందుకు చేశారు? దీనికి జవాబు వెతికినవాడు కార్ల్ యాస్పర్స్. తరవాతి కాలంలో పెద్ద తత్వవేత్తగా లోకమంతా ఎరిగిన మనిషి. అప్పటికి హైడెల్‌బెర్గ్‌లో వైద్యవిద్యార్థి. 1909లో అచ్చయిన ఆయన డాక్టరేటు వ్యాసం పేరు 'ఇంటి బెంగ – నేరం'. పాత కేసుల కాగితాలన్నీ ముందేసుకుని ఆయన చెప్పిందేమిటంటే – ఈ పిల్లలు పుట్టిల్లు వదిలి అంతకుముందెప్పుడూ ఒక్క రాత్రి కూడా బయట ఉండనివాళ్ళు. ఎక్కడో పనికి కుదిర్చి తల్లిదండ్రులు వెళ్ళిపోయారు. పగలంతా చాకిరీ, రాత్రంతా ఏడుపు. ఇంటికి పోతానంటే పోనివ్వరు. పారిపోయి వెళితే అమ్మానాన్నలే మళ్ళీ తెచ్చి దిగబెడతారు. ఇక ఆ పిల్ల బుర్రకు తోచిన దారి ఒక్కటే. ఈ ఇల్లు లేకపోతే? తను ఎత్తుకునే ఈ పసిబిడ్డ లేకపోతే? అప్పుడు నన్ను ఇంటికి పంపేస్తారు గదా! అంతే. కొందరు ఇల్లు తగలబెట్టారు. కొందరు, చెప్పడానికి నోరు రావడం లేదు, బిడ్డ ప్రాణమే తీశారు.

అత్తారింటికొచ్చిన కొత్తకోడలు దిగులుగా ఉంటే మనం "ఇంటి మీదికి గాలి మళ్ళింది" అంటాం. ఎంత చక్కని మాట! ఆ గాలి నిప్పును కూడా రాజేస్తుందని మాత్రం మనకు తట్టదు. ఈ ఇంటి బెంగకు కూడా వైద్యులు గ్రీకు పేరు పెట్టారు, పైరోమేనియాకన్న చాలా ముందు. 1688లో స్విట్జర్లాండులో హోఫర్ అనే యువ వైద్యుడు, 'నోస్తోస్' అంటే తిరిగి ఇల్లు చేరడం, 'ఆల్గోస్' అంటే నొప్పి, రెండూ కలిపి 'నోస్టాల్జియా' అన్నాడు. ఇవాళ మనం పాత సినిమా పాటలు వింటూ నిట్టూర్చడానికి వాడే మాట పుట్టుకలో రోగం పేరు! ఒకే పిల్లకు రెండు పేర్లు. కాల్చినదాన్ని చూసినవాళ్ళు ఒక పేరు పెట్టారు. ఎందుకు కాల్చిందో చూసినవాళ్ళు రెండో పేరు పెట్టారు.

అయితే ఈ పైరోమేనియా అంతా కట్టుకథేనా అంటే, కాదు. నిజంగా ఉంది. బహు తక్కువ. అమెరికన్ మనోవైద్యుల సంఘం మానసిక వ్యాధుల పట్టిక 1952లో మొదటిసారి వేసినప్పుడు ఈ పేరుకు చోటిచ్చింది. 1968 నాటి రెండో కూర్పులో తీసేసింది. 1980లో మూడో కూర్పులో మళ్ళీ పిలిచి పీట వేసింది. ఇప్పటికీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోనూ ఉంది. ఈ పేరు పెట్టాలంటే, మనిషి కావాలని, పలుమార్లు నిప్పు పెట్టి ఉండాలి. పెట్టబోయే ముందు లోపల ఏదో బిగిసిపోయినట్టుండాలి. నిప్పన్నా, దాని చుట్టూ జరిగే హడావిడి అన్నా వల్లమాలిన మోజుండాలి. అంటించాక హాయిగానో, బరువు దిగినట్టుగానో అనిపించాలి.

మోజు ఒక్కటే చాలదు సుమండీ. ఆ లెక్కన భోగిమంట కోసం పక్కింటి కర్రలెత్తుకొచ్చే కుర్రాళ్ళందరూ, చిచ్చుబుడ్డి చుట్టూ గంతులేసే మనవళ్ళందరూ రోగులే! అగ్గిపుల్ల గీసి చూసుకునే ప్రతి పిల్లవాడికీ ఈ పేరు తగిలించడం అన్యాయం. వాడికి కావలసింది అగ్గిపెట్టె అందకుండా పెట్టే ఒక అటకా, నిప్పు సంగతి నిదానంగా చెప్పే ఒక పెద్దదిక్కూ.

అసలు పస అంతా ఆ తరవాత వచ్చే 'కాకూడదు'ల జాబితాలో ఉంది. డబ్బు కోసం చేసి ఉండకూడదు. రాజకీయం కోసం కాకూడదు. చేసిన నేరం కప్పిపుచ్చుకోవడానికి కాకూడదు. కోపంతోనో పగతోనో కాకూడదు. భ్రమల్లో ఉండి చేసినది కాకూడదు. మత్తులో చేసినది కాకూడదు. తన బతుకు పరిస్థితి మెరుగుపరచుకోవడానికి చేసినది కాకూడదు.

ఆ చివరిదాని దగ్గర ఒక్క క్షణం ఆగండి. తన బతుకు పరిస్థితి మెరుగుపరచుకోవడానికి కాకూడదు! ఆ జర్మన్ పిల్లలు చేసింది సరిగ్గా అదే గదా. అంటే, ఎవరిని చూసి ఈ మాట పుట్టించారో వాళ్ళకు ఇవాళ ఈ మాట వర్తించదు.

ఈ జల్లెడ పట్టుకుని లోకంలోని పేరుమోసిన మంటల్ని జల్లించి చూడండి, దాదాపు అన్నీ జారిపోతాయి. క్రీస్తుకు పూర్వం 356లో ఎఫెసస్‌లోని ఆర్టెమిస్ దేవాలయాన్ని హెరోస్ట్రాటస్ అనేవాడు కాల్చాడు. ఎందుకయ్యా అంటే, నా పేరు చరిత్రలో నిలబడాలన్నాడు. వాడి పేరు ఎవరూ ఎత్తకూడదని ఊరివాళ్ళు శాసనం చేశారు. చూశారుగా, 2300 ఏళ్ళు దాటినా నేనిక్కడ ఎత్తుతూనే ఉన్నాను! వాడిది కీర్తికండూతి.

మన దగ్గరికొస్తే, 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దహనం జరిగింది. ప్రయాణికుల్ని పెట్రోలుతో బెదిరించి దోచుకోవాలని ఎక్కిన ఇద్దరి వల్ల 23 మంది కాలిపోయారు. ఆ ఇద్దరికీ కోర్టులు ఉరిశిక్ష వేస్తే, 1998లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. అక్కడ కారణం డబ్బు.

అమెరికాలో జాన్ ఆర్ అనే అగ్నిమాపక అధికారి కథ మాత్రం నాలాంటి నవలారచయిత్రికి నిద్రపట్టనివ్వదు. కాలిఫోర్నియాలో, గ్లెండేల్ అనే ఊళ్ళో అగ్నిప్రమాదాలకు కారణాలు కనిపెట్టడమే ఆయన ఉద్యోగం. 1984 అక్టోబరులో సౌత్ పసడీనాలో ఒక పెద్ద ఇనుపసామాన్ల దుకాణం కాలి నలుగురు చనిపోయారు. అందులో రెండేళ్ళ పసివాడొకడు. చివరికి చూస్తే ఆ నిప్పు పెట్టింది ఈ అధికారే అని కోర్టు తేల్చింది. ఆయన ఒక నవల కూడా రాసుకున్నాడు – కొంపలకు నిప్పు పెట్టే ఒక అగ్నిమాపక ఉద్యోగి కథ! ఆ రాతప్రతినే ప్రాసిక్యూషన్‌వాళ్ళు సాక్ష్యంగా చూపించారు. 1998లో యావజ్జీవ శిక్ష పడింది. నవలల్లో మేం పాత్రలకు కారణాలు అతికించడానికి తంటాలు పడుతుంటాం. ఆయనకు ఆ బాధ కూడా లేదు, అనుభవం రాసేశాడు.

ఫిన్లండ్‌లో ఒక పరిశోధన జరిగింది, 2005లో అచ్చయింది. 1973 – 1993 మధ్య మళ్ళీ మళ్ళీ నిప్పు పెట్టి పట్టుబడ్డ 90 మంది మగవాళ్ళను మనోవైద్యులు పరీక్షించిన కాగితాలన్నీ తిరగేశారు. ఒకసారి చేసినవాళ్ళు కారు, అలవాటు పడ్డవాళ్ళే. అందులో ఈ జబ్బు లక్షణాలు అచ్చంగా సరిపోయినవాళ్ళు ముగ్గురు. మరో 9 మందికి సరిపోయేవే గాని, వాళ్ళు ఆ సమయంలో తాగి ఉన్నారు. తొంభైలో మూడు! మిగిలిన వాళ్ళందరి విషయంలోనూ మరేదో ఉంది – మత్తో, వేరే మనోవ్యాధో, కోపమో, ఏదో ఒకటి.

ఇదంతా ఎక్కడో చలిదేశాల గొడవ, మనకెందుకు అనుకోకండి. 2023 వేసవిలో మన చంద్రగిరి దగ్గర, కొత్త శానంబట్ల అనే ఊరు పత్రికలకెక్కింది. వారాల తరబడి ఆ ఊళ్ళో మంటలు. ఇవాళ ఒక గడ్డివాము, రేపు ఒక ఇంట్లో బీరువాలో బట్టలు. ఎవరు పెడుతున్నారో తెలీదు. ఊరు ఊరంతా కంటిమీద కునుకు లేకుండా కాపలా కాసింది. దేవత కోపమన్నారు, పూజలు చేశారు. నెలకో రెణ్ణెల్లకో గాని అసలు సంగతి బయటపడలేదు. పోలీసులు చెప్పిన మాటేమిటంటే, ఆ మంటలు దయ్యం పనీ కాదు, దేవత పనీ కాదు. ఆ ఊళ్ళోనే ఉన్న చిన్న వయసు మనిషి, ఇంట్లో పరిస్థితి భరించలేక, ఇలా జరిగితేనన్నా ఇంటివాళ్ళు ఊరు వదిలి మరోచోటికి మారతారన్న ఆశతో చేసిన పని.

ఈ వార్త చదవగానే నాకు రెండు వందల ఏళ్ళనాటి ఆ జర్మన్ పిల్లలు కళ్ళముందు మెదిలారు. ఒకరు ఇంటికి చేరడానికి కాల్చారు, ఒకరు ఇంటి నుంచి బయటపడడానికి కాల్చారు. రెండు చోట్లా నోటితో చెప్పుకోలేని మాటే నిప్పుగా బయటికొచ్చింది. రెండు చోట్లా చుట్టుపక్కలవాళ్ళు ఆకాశం వంకా, శ్మశానం వంకా, పొరుగూరి శత్రువు వంకా చూశారు గాని, పక్కనే కూర్చుని అన్నం తింటున్న పిల్ల మొహంలోకి చూడలేదు. ఎందుకంటే అలాంటివాళ్ళకు కూడా ఒక 'ఎందుకు' ఉంటుందని మనకు తోచదు. కంటు మోతుబరికుంటుంది, పగ మగవాడికుంటుంది. ఇంటి పనిపిల్లకీ, పశువులు కాసే జీతగాడికీ, నోరెత్తని కోడలికీ ఏముంటుంది?

దీని అర్థం చేసింది ఒప్పని కాదు. కాలిపోయిన బట్టలు ఎవరివో పేదవాళ్ళవే, ఆ జర్మన్ ఇళ్ళల్లో పోయిన పసిబిడ్డల తల్లుల గర్భశోకం గర్భశోకమే. చట్టం కూడా ఈ విషయంలో మొహమాటపడదు. మనిషి నివసించే ఇంటికి కావాలని నిప్పు పెడితే పాత పీనల్ కోడు 436వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 326వ సెక్షన్‌లోకి వెళ్ళింది, శిక్ష తగ్గలేదు. మతిస్థిమితం లేనివాళ్ళకు మినహాయింపు ఉంది – అప్పట్లో 84, ఇప్పుడు 22. కాని చేస్తున్నదేమిటో, అది తప్పో ఒప్పో తెలియని స్థితిలో ఉన్నట్టు రుజువైతేనే. తెలుసు గాని చెయ్యి ఆపుకోలేకపోయాను అంటే చెల్లదు. కనుక మార్క్ డాక్టరుగారి మాట మన కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వైద్యుడి గుమ్మం మాత్రం తెరిచే ఉంటుంది. నిజంగా ఈ జబ్బున్నవాళ్ళు తమలో తాము కుమిలిపోయేవాళ్ళే. మాటలతో నయం చేసే పద్ధతులున్నాయి, అవసరమైతే మందులున్నాయి. తిట్టి కొట్టి తాళం వేస్తే తగ్గేది కాదది.

కోర్టు అడిగే ప్రశ్న – తెలిసి చేశావా, తెలియక చేశావా? వైద్యుడు అడిగే ప్రశ్న – చేసినప్పుడు నీకెలా అనిపించింది? ఈ రెండూ నిప్పంటుకున్న తరవాతివి. నిప్పంటుకోకముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అది కోర్టువారిదీ వైద్యులదీ కాదు, ఇంట్లోవాళ్ళది. "ఏమే, అలా ఉన్నావేం? ఇంటి మీదికి గాలి మళ్ళిందా?" అన్నదే ఆ ప్రశ్న. దీనికి గ్రీకు రానక్కర్లేదు.

మన వీధిలో ఎవరింట్లోనో ఇవాళ కూడా ఒక చిన్నపిల్ల గిన్నెలు తోముతూనే ఉంటుంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని 2016లో చట్టం బిగించినా సరే. సంక్రాంతికీ దసరాకీ కూడా ఆ పిల్ల ఊరికి వెళ్ళదు. వెళ్ళాలని ఉందో లేదో మనం అడగం. అడిగితే ఏమవుతుంది? మహా అయితే నాలుగు రోజులు మన గిన్నెలు మనమే తోముకుంటాం.